పొయ్యి వెలగక ముందే



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన్ను ఈ హార్స్లీ హిల్స్ చుట్టుపక్కల పల్లెల్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ఆయన అయివారే. నేనూ అట్లాగే అంటాను. ఆయన పని చేసినవన్నీ ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడులు. ఆయన హాజరుపట్టీ ఒకటి నా చేత పట్టుకుని చూశాను. వచ్చిన పిల్లలకు నీలం సిరాతో గుర్తు. కొన్ని గుర్తుల పక్కన ఎర్ర సిరాతో చిన్న చుక్క. ఆ చుక్కలేమిటని అడిగితే ఆయన చెప్పడానికి కొంచెం తటపటాయించారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలవి. ఇంట్లో పొయ్యి వెలగలేదని పిల్లలు నోరు తెరిచి చెప్పరు, ముఖం చూసి తెలుసుకోవాలి. చుక్క పడిన పిల్లవాణ్ణి ఆ రోజు పదకొండు దాటాక ఎక్కాలు అడిగేవారు కాదాయన. అడిగితే తప్పు చెబుతాడు, తప్పు చెబితే తనకు చదువు రాదనుకుంటాడు. వాడికి లేనిది తెలివి కాదు, తిండి. ఈ తేడా తెలిసిన ఉపాధ్యాయుడి పేరున మాట్లాడమని నన్ను పిలిచారు. అందుకే నేను పేద పిల్లల బడుల్లో అన్నానికి పెట్టే ప్రజాధనం గురించి మాట్లాడదలచుకున్నాను.

ఈ కథ మనకు కొత్తది కాదు. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే మొదలైంది. 1920 సెప్టెంబరు 16న మద్రాసు నగరపాలక సంస్థ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని నగరపాలక పాఠశాల పిల్లలకు తలకు రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు పెట్టి ఫలహారం పెట్టాలని. ఆ తీర్మానం వెనక ఉన్న మనిషి పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు నేతగాళ్ల దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. ఆ బడికి వచ్చేది నిరుపేద పిల్లలు, ఆ పేదరికమే బడిని దెబ్బతీస్తోందని ఆయన సభలో చెప్పారు. కొద్ది ఏళ్లకే, ప్రాథమిక విద్య నిధిని తిండికి వాడకూడదని నాటి ప్రభుత్వం అడ్డుపడింది. అంటే వందేళ్ల కిందటే రెండు మాటలూ తేలిపోయాయి. ఆకలితో ఉన్న పిల్లవాడికి అన్నం పెట్టడం చదువు చెప్పడంలో భాగమని ఒకటి. ఆ అన్నానికి డబ్బు ఏ పద్దు కింద, ఎప్పుడు వస్తుందన్నదే అసలు కీలకమని రెండోది.

1950ల మొదట్లో రాయలసీమ కరువులో గంజి కేంద్రాలు తెరిచారు. మన తాతల్లో కొందరు చెంబు పట్టుకుని ఆ వరసల్లో నిలబడ్డవాళ్లే. తర్వాత నా తరం పిల్లలు బడిలో పచ్చని పిండి ఉప్మా, పాలపొడి కలిపిన పాలు చూశారు. అవి సముద్రాలు దాటి వచ్చిన మూటలు. పెట్టినవాళ్లకు నేను కృతజ్ఞుణ్ణే. కానీ మూట వచ్చిన రోజు ఉప్మా ఉంది, రాని రోజు లేదు. దానమంటే అదే. దాత చేయి చాచినంత సేపే అది ఉంటుంది.

ఆ దానాన్ని హక్కుగా మార్చింది 2001 నవంబరు 28. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ రోజు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు, 1995 నుంచి, పిల్లలకు నెలకు మూడు కిలోల ధాన్యం ఇంటికిచ్చే పద్ధతి ఉండేది. ఇంటికి పోయిన బియ్యం ఇంటిల్లిపాదికీ పోతుంది, అది తప్పూ కాదు. కానీ బడిలో కూర్చున్న పిల్లవాడి కడుపు సంగతి అట్లాగే ఉండిపోయింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనమే పెట్టాలని, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని కోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో బడుల్లో పొయ్యిలు వెలిగాయి. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో కోర్టు ఇంకో రెండు మాటలు చెప్పింది, రెండూ మన సీమకు ముఖ్యం. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టాలి. వంట పనిలో దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

ఈ రెండో మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన పల్లెల్లో ఏ పెళ్లిలోనూ ఏ జాతరలోనూ కుదరని సహపంక్తి రోజూ మధ్యాహ్నం బడి వరండాలో జరుగుతోంది. ఒక కులం తల్లి వండిన అన్నాన్ని అన్ని కులాల పిల్లలు ఒకే వరసలో కూర్చుని తింటున్నారు. కొన్నిచోట్ల గొడవలు జరిగాయి, కొందరు పిల్లలకు ఇంటి నుంచి క్యారియర్లు పంపారు. అయినా వరస చెదరలేదు. ఈ మధ్యాహ్న భోజన పథకం కేలరీలు పంచడం కాక ఇంకే మేలూ చేయకపోయినా, ఈ ఒక్క వరస కోసం దీన్ని కాపాడుకోవాలి.

మేలు చేసిందనడానికి రుజువులూ ఉన్నాయి. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ అనే ఆర్థికవేత్తలు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల మీద సేకరించిన వివరాలనే పరిశీలించారు. ఆ వివరాల్లో మన పక్కనున్న కడప, అనంతపురం జిల్లాల పిల్లలూ ఉన్నారు. 2014లో వచ్చిన వాళ్ల వ్యాసం తేల్చింది ఇది: కరువు పాలైన ఇళ్ల పిల్లల ఎదుగుదలకు తగిలిన దెబ్బను బడి భోజనం చాలా మేరకు పూడ్చింది. వాన చేసిన గాయానికి బడి అన్నం మందు వేసిందన్నమాట. సీమ బిడ్డలకు ఇంతకంటే ఏం చెప్పాలి?

2008లో మన రాష్ట్రం తన ఖర్చుతో తొమ్మిది, పది తరగతులకూ పెట్టింది. 2013 ఆహార భద్రత చట్టం ఎనిమిదో తరగతి దాకా ఈ భోజనాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. 2020లో గుడ్డు వారానికి ఐదు రోజులైంది, మూడు రోజులు చిక్కీ చేరింది. 2023లో రాగిజావ వచ్చింది. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 2025 జూన్‌లో బడులు తెరిచిన నాటి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, పళ్లెంలోకి మాత్రం ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. చేర్చిన ప్రతివాళ్లకూ ఈ వేదిక మీద నుంచి చేతులెత్తి మొక్కుతాను.

మరి ఇంకేం చెప్పాలని వచ్చాను? ఆ పళ్లెం కిందున్న లెక్క చెప్పాలని వచ్చాను.

బియ్యం ప్రభుత్వం పంపుతుంది. గుడ్డు, చిక్కీ కూడా పంపుతుంది. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు, కారం, చింతపండు, గ్యాస్ మాత్రం వంటమ్మ కొనాలి. అందుకు ఆమెకు తలకింత అని డబ్బు కడతారు. 2025 మే 1 నుంచి కేంద్రం నిర్ణయించిన రేటు ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత తరగతులకు 10 రూపాయల 17 పైసలు. ఇందులో నూటికి కేంద్రానిది 60 వంతులు, రాష్ట్రానిది 40. చిన్న పిల్లవాడికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పడాలని నియమం. కాగితం మీద సరిపోతుంది.

ఇప్పుడు ఈ కొండ కింద ఏదో ఒక ఊరి బడికి పోదాం. పదిహేను మంది పిల్లలు. పదిహేనును 6.78తో గుణిస్తే 101 రూపాయల 70 పైసలు. పప్పు 300 గ్రాములు, కిలో 120 అనుకుంటే 36 రూపాయలు. నూనె 75 గ్రాములు, ఓ 11 రూపాయలు. కూరగాయలు ముప్పావు కిలో, కిలో 40 అనుకుంటే 30. మొత్తం 77. మిగిలింది పాతిక లోపే. గ్యాస్ బండ 900 అనుకుని, ముప్పై వంటలకు వచ్చిందనుకున్నా రోజుకు 30. ఉప్పు, కారం, తిరగమోత గింజలు ఇంకా లెక్కలోకి రానే లేదు, అప్పటికే ఐదు రూపాయల లోటు. అదే మదనపల్లెలోనో కుప్పంలోనో మూడు వందల మంది ఉన్న బడి అయితే రోజుకు రెండు వేల పైన వస్తుంది. పప్పు మూట ధరకు కొనవచ్చు, ఒకే మంట మీద పెద్ద గుండిగ ఉడుకుతుంది. తలకింత అనే లెక్క పెద్ద బడికి న్యాయం చేస్తుంది, చిన్న బడికి చేయదు. చిన్న బడి అంటే ఏది? కొండ మీది బడి, తండా బడి, దళితవాడ బడి. ఎవరికి ఎక్కువ అందాలో వాళ్లకే లెక్క తక్కువ పడుతోంది.

ఇక టమోటా సంగతి. మన మదనపల్లె మార్కెట్టు యార్డు టమోటాకు ఎంత పేరో చెప్పనక్కర లేదు. 2023 జూలైలో ఇక్కడే టోకున కిలో రెండు వందల దరిదాపులకు పోయింది. ఆ నెల కేంద్రం రేటు 5 రూపాయల 45 పైసలు. పదిహేను మందికి 81 రూపాయల 75 పైసలు. నియమం ప్రకారం పడాల్సిన ముప్పావు కిలో కూరగాయల్ని టమోటాలతోనే నింపితే 150 రూపాయలు. టమోటా పండే నేల మీద, టమోటా లారీలెక్కే ఊళ్లో, బడిపిల్లల పప్పులో టమోటా వేయలేని నెల అది. ఇంకో కాలంలో అదే టమోటాకు కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసి ఏడ్చారు. 2025లో ఈ రేటు సవరించినప్పుడు 20 రాష్ట్రాల్లోని 600 గ్రామాల ధరల నుంచి తీసిన సూచికను వాడారు. సగటు తీయడం తప్పు కాదు. కానీ వంటమ్మ సగటు ధరకు కొనలేదు. ఆ రోజు అంగట్లో ఉన్న ధరకే కొంటుంది.

ఆ వంటమ్మ ఒకరి దగ్గర నేను చూసింది చెబుతాను. ఊరు, బడి పేరు చెప్పను. తరగతి గది వెనక రేకుల షెడ్డు. మూడు గంటలు దాటింది, గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. ఆమె చెంగు ముడిలోంచి చిన్న నోటు పుస్తకం తీసింది. చెమటకు అట్ట మెత్తబడింది. చదువు రాదు. అంకెలు మాత్రం కూతురు చేత రాయించుకుంది. కందిబ్యాళ్లు, నూనె, మిరప్పొడి, చింతపండు. ప్రతి పేజీ కింద అంగడాయన వేలితో చూపించిన మొత్తం. మూడు నెలల బాకీ. బిల్లు పెట్టారు, రాలేదు. మళ్లీ పెట్టారు. చెవుల వైపు చూశాను. కమ్మలు ఉండాల్సిన చోట వేపపుల్లలు. బ్యాంకులో కుదవ పెట్టానంది.

నేను అడిగాను: “ఎందుకమ్మా ఇంత తిప్పలు? రెండు రోజులు వంట ఆపితే పైవాళ్లకు తెలుస్తుంది గదా?”

ఆమె అంది: “ఆపితే పైవాళ్లకు తెలిసేది ఎప్పుడో సార్. పిల్లోళ్లకు ఆ మద్దేనానికే తెలుస్తుంది.”

ఆమె నా మీద కోపంతో అనలేదు, ఎవరినీ తిట్టలేదు. లేచి, మూత తీసి, మర్నాటికి నానబెట్టాల్సిన పప్పు ఉందో లేదో చూసుకుంది. ఆ షెడ్డులోంచి బయటికి వచ్చాక నాకు అర్థమైంది, ఈ పథకానికి మొదటి పెట్టుబడి ఢిల్లీది కాదు, అమరావతిది కాదు. ఈమెది. ఖజానా డబ్బు వచ్చే లోపల ఆమె కమ్మలు, ఆ పల్లె అంగడాయన నమ్మకం కలిసి ప్రభుత్వానికి అప్పిస్తున్నాయి. వడ్డీ లేని అప్పు. ఊళ్లో అందరికంటే పేదరాలు ప్రభుత్వానికి అప్పివ్వడం ఎక్కడి ధర్మం?

ఆమె కూలి సంగతీ చెప్పాలి. వంట మనిషికి నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం అని 2009లో నిర్ణయించారు. అందులో ఇప్పుడు కేంద్రం వాటా 600. పదిహేనేళ్లు దాటినా కేంద్రం ఆ 1,000ని కదపలేదు. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది, మంచి పని. అయినా పొద్దున తొమ్మిదికి వచ్చి మూడు దాటాక పోయే మనిషికి అది రోజుకు ఎంత పడుతుందో మీరే లెక్కగట్టండి. ఆ చేతికి కూలి తక్కువ, ఆ చేతి మీదే బాకీ ఎక్కువ.

చట్టం పిల్లవాడి గురించి ఆలోచించింది. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం భోజనం పెట్టని రోజుకు పిల్లవాడికి ఆహార భద్రత భత్యం ఇవ్వాలి. వరసగా మూడు రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ ఆగితే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. పథకం డబ్బు అయిపోతే బడిలో ఉన్న వేరే నిధిని ప్రధానోపాధ్యాయుడు వాడుకోవచ్చు, వచ్చాక తిరిగి జమ చేసుకోవచ్చు. ఈ చివరి నియమం మనలో ఎంతమంది హెడ్మాస్టర్లకు తెలుసు? తెలిసినా, ఆడిట్ భయంతో ఎంతమంది వాడారు? పొయ్యి ఆగలేదు కాబట్టి ఏ బాధ్యుడూ తేలడు. పొయ్యి ఎందుకు ఆగలేదో మాత్రం ఎవరూ అడగరు.

వంటమ్మల బదులు పెద్ద వంటశాలలు పెట్టి వ్యాన్లలో పంపితే సరిపోతుంది గదా అంటారు కొందరు. పట్టణాల్లో, దగ్గరదగ్గర బడులున్నచోట అవి శుభ్రంగా, కొలత తప్పకుండా వండుతున్నాయి, నేను కాదనను. కానీ ఈ కొండ మలుపులు దాటి, మట్టిరోడ్డున పడి, పన్నెండు మంది పిల్లలున్న బడికి అన్నం వేడిగా రాదు. వచ్చినా, ఎవరు ఈ రోజు సగం పళ్లెం వదిలేశారో, ఎవరు రెండోసారి అడగడానికి సిగ్గుపడుతున్నారో వ్యాను డ్రైవరుకు తెలియదు. అయివారి ఎర్రచుక్క ఎక్కడ పెట్టాలో తెలిసింది ఆ ఊరి వంటమ్మకే.

ఆ ఎర్రచుక్క పొద్దుటి ఆకలిది. కుప్పం పొలిమేర దాటితే తమిళనాడు. అక్కడ 2022 సెప్టెంబరులో ప్రాథమిక బడుల్లో పొద్దుటి ఫలహారం మొదలుపెట్టారు. ఇంకో పక్క కర్ణాటకలో 2013 నుంచి క్షీరభాగ్య కింద పాలు ఇస్తున్నారు. మూడు రాష్ట్రాలు కలిసే చోట పుట్టిన పిల్లలకు పొద్దుటి ఆకలి మూడు రకాలుగా ఉండదు. మనకు రాగిజావ ఉంది. రాగి మన పంట. సంగటి తిని పెరిగిన నేల ఇది. చెనిక్కాయలు మనవి, బెల్లం మనది. ఆ పిండీ ఆ చిక్కీ మన పొదుపు సంఘాల ఆడవాళ్లే చేసి ఇస్తే, పిల్లవాడి చేతికొచ్చే జావలో వాళ్ల నాన్న పొలం ఉంటుంది. ప్రజాధనం ఊళ్లోకి వచ్చి ఊళ్లోనే తిరుగుతుంది.

నా మనవి మూడు మాటలు. ఒకటి, నెల మొదటి తారీఖునే ఆ నెల ఖర్చు వంటమ్మ ఖాతాలో పడాలి. ఇప్పుడు ఖర్చయ్యాక బిల్లు, బిల్లయ్యాక డబ్బు. దీన్ని తిరగేయాలి. డబ్బు ముందు, లెక్క తర్వాత. ఒక్క నెల అడ్వాన్సు ఒకసారి ఇస్తే చాలు, ఆ తర్వాత చక్రం దానంతటదే తిరుగుతుంది. రెండు, పాతిక మంది లోపు పిల్లలున్న బడికి తల లెక్కతో పాటు రోజుకు ఇంతకు తగ్గకూడదని ఒక కనీస మొత్తం ఉండాలి. పిల్లలు తగ్గినా గ్యాస్ ధర తగ్గదు. మూడు, కూరగాయల ధర మండిన నెలలో మార్కెట్టు యార్డు ధరను బట్టి కలెక్టరు అదనపు మొత్తం మంజూరు చేసే అధికారం ఉండాలి. ధర పడిపోయిన నెలలో అదే యార్డు నుంచి బడులకు నేరుగా కొనాలి. రైతు పారబోయడు, పిల్లవాడి పప్పు పలచబడదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. మొదటి మనవి అయితే అసలు కొత్త ఖర్చే కాదు. ఎట్లాగూ ఇచ్చే డబ్బునే మూడు నెలలు ముందు ఇమ్మంటున్నాను.

డొక్కా సీతమ్మ గారి పేరు ఈ పథకానికి పెట్టడం నాకు చాలా సంతోషం. లంకల గన్నవరంలో ఆ తల్లి తన ఇంటికి ఆకలితో వచ్చిన ఎవరినీ కులం అడగలేదు, వేళ చూడలేదు. తన సొంత ఆస్తి కరిగిపోయేదాకా పెట్టింది. ఆమెకు దండం. కానీ ఆమె పెట్టింది తనది, తన ఇష్టంతో. ఒక ప్రభుత్వం ఆమె పేరు పెట్టుకున్నప్పుడు, ఊరూరా ఒక పేద తల్లి కమ్మలు కుదవ పెట్టి సీతమ్మ కావాల్సిన అవసరం రాకూడదు. రాష్ట్రమే సీతమ్మ కావాలి.

మిత్రులారా, అయివారు ఇప్పుడు లేరు. హాజరుపట్టీలు ఫోన్లలోకి పోయాయి, ఎర్ర సిరా ఎవరి జేబులోనూ లేదు. మీలో ప్రతి ఒక్కరినీ ఒక్కటే అడుగుతాను. వచ్చే సోమవారం మీ ఊరి బడికి మధ్యాహ్నం పోండి. పిల్లల వరసలో కూర్చుని ఆ అన్నం తినండి. తిన్నాక వంటమ్మను పక్కకు పిలిచి, పోయిన నెల డబ్బు వచ్చిందా అమ్మా అని అడగండి. రాలేదంటే ఆమె నోటు పుస్తకంలోని మొత్తం ఒక కాగితం మీద రాసి, మీ పేరు కింద సంతకం పెట్టి, ఎంఈవోకు, కలెక్టరుకు పంపండి. ప్రతి నెలా పంపండి. ఆ డబ్బు పొయ్యి వెలగక ముందే చేరేదాకా పంపండి.